పరగడుపున ఒక గంట



పోయిన రెండు సంచికల్లో నేనేమీ రాయలేదని మీలో కొందరు అడిగారు. "ఇంట్లో పనులమ్మా" అని తప్పించుకున్నాను. అది అబద్ధం. నేను ఆరు నెలల తొమ్మిది రోజులు టీబీ మందులు వేసుకున్నాను. మే రెండో వారంలో ఆఖరి మాత్ర మింగాను. ఈ ఒక్క వాక్యం మీ ముందు రాయడానికి ఇంకో నెల పట్టింది.

ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టినవి రెండు. ఒకటి, రోజూ ఒకే వేళకి మందు. రెండోది, మందు వేసుకున్నాక టిఫిన్ తినడానికి ఆగాల్సిన గంటలో నేను చదువుకున్న చిన్నప్పటి పుస్తకాలు. ఆరు నెలల మీద ఆ తొమ్మిది రోజులు ఎందుకొచ్చాయో కూడా చెబుతాను. నిజానికి చెప్పాల్సింది అదే.

చింతగింజంత గడ్డ

రుస్తాఖ్ చూడని వాళ్ల కోసం రెండు మాటలు. మస్కట్ నుంచి కారులో రెండు గంటల లోపు వచ్చేస్తాం. దక్షిణ బాతినా గవర్నరేట్‌కి ఇదే ముఖ్య పట్టణం. వెనక పెద్ద కొండలు, ముందు ఖర్జూరం తోటలు, మధ్యలో పాత కోట. తోటలకి ఫలజ్ కాలవల్లో నీళ్లు పారుతుంటాయి. ఇక్కడి ఫలజ్ అల్ ముయస్సర్‌ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మావారు ఒక క్రషర్ కంపెనీలో లెక్కలు చూస్తారు. పాప ఆరో తరగతి. నేను ఇంట్లోనే ఉంటాను.

ఆగస్టులో తల దువ్వుకుంటుంటే మెడకి కుడిపక్కన చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. చుడీదార్లు వదులయ్యాయి. మస్కట్‌లో ఒక పెళ్లిరోజు ఫంక్షన్‌కి పోతే నలుగురు నన్ను చుట్టుకుని, "భలే సన్నబడ్డావే, ఏం డైట్ చేస్తున్నావు?" అని అడిగారు. నేనూ మురిసిపోయి "రాత్రి అన్నం మానేశా" అని చెప్పాను. మానేయలేదు. తినాలనిపించక వదిలేస్తున్నాను, అంతే.

అక్టోబరుకి ఆ గింజ ఉసిరికాయంత అయింది. మా పై ఫ్లాట్‌లో ఒక నర్సక్క ఉంటుంది. ఆమె చేత్తో తడిమి చూసి, ఇంకేమీ మాట్లాడకుండా, "రేపే డాక్టర్ దగ్గరికి పోదాం" అంది. సూదితో గడ్డలోంచి కొంచెం తీసి పరీక్షకి పంపారు. లింఫు గ్రంథికి వచ్చిన టీబీ అని తేలింది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది.

"ఊపిరితిత్తుల్లోనో గొంతులోనో ఉంటేనే దగ్గుతో గాల్లోకి పోయి ఇంకొకరికి అంటుకుంటుంది. మీ గ్రంథిలో ఉన్నది మీ పాపకి అంటుకోదు, కంచం వేరు పెట్టే పనీ లేదు" అని డాక్టర్ నిదానంగా చెప్పారు. నేను తల ఊపాను గానీ ఒక్క మాటా లోపలికి పోలేదు. మనకందరికీ తెలుసు కదా, గల్ఫ్‌కి రావాలంటే ముందు మెడికల్, అందులో ఛాతీ ఎక్స్‌రే. మా రాయచోటి వైపు కువైట్‌కి పోవాల్సినవాళ్లు ఎక్స్‌రేలో మచ్చ ఉందని ఆగిపోయిన కథలు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఆ ఇంటి పిల్లకి సంబంధం కూడా కుదరలేదని గుసగుసగా చెప్పుకునేవాళ్లు. టీబీ అనే మాట మా ఇళ్లలో గట్టిగా పలకరు. "ఆ జబ్బు" అంటారు.

అందుకని మావారికీ నర్సక్కకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. పాపకి "మెడలో గడ్డకి మందు" అన్నాను.

మందుల లెక్క

నాకిచ్చిన కోర్సు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు మందులు తగ్గుతాయి. బరువుని బట్టి మోతాదు ఉంటుంది కాబట్టి పక్కింటావిడకి మూడు మాత్రలిచ్చి నాకు నాలుగెందుకని అడగక్కర్లేదు. వీటితో పాటు బీ6 విటమిన్ మాత్ర ఒకటి ఇచ్చారు. ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్లలో, వేళ్లలో తిమ్మిర్లు రాకుండా అది కాపాడుతుంది.

రెండు నెలలకే గడ్డ కరుగుతుంటే ఆరు నెలలెందుకు అని నేనూ అడిగాను. నర్సక్క చెప్పింది నాకు బాగా అర్థమైంది. చురుగ్గా పెరిగే సూక్ష్మజీవులు మొదటి రెండు నెలల్లో చాలావరకు చచ్చిపోతాయి. కొన్ని మాత్రం నిద్రపోతున్నట్టు కదలకుండా పడి ఉంటాయి. వాటిని ఏరడానికే మిగతా నాలుగు నెలలు. మనకి బాగైందని మధ్యలో ఆపితే, మిగిలినవి లేచి మళ్లీ పెరుగుతాయి. ఆ పెరిగేవి మందుకి లొంగని రకం కూడా కావచ్చు. అప్పుడు ఇంకా పెద్ద కోర్సు, ఇంకా గట్టి మందులు.

మొదటి రోజే బాత్‌రూంలో భయపడ్డాను. మూత్రం నారింజ రంగు. రక్తమేమో అనుకున్నాను. రిఫాంపిసిన్ వేసుకునే అందరికీ అలాగే వస్తుంది, చెమటకీ కన్నీళ్లకీ కూడా ఆ రంగు దిగుతుంది. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకైతే వాటికి మరక పడిపోతుంది. నా తెల్ల చున్నీ మెడ దగ్గర లేత నారింజగా తేలింది, ఉతికినా పోలేదు.

రెండో వారానికి కడుపులో తిప్పడం మొదలైంది. నెల తిరిగేసరికి మోకాళ్లు, మడమలు నొప్పులు. పైరజినమైడ్ వల్ల ఒంట్లో యూరిక్ యాసిడ్ పెరుగుతుందట, అందుకని కీళ్లు పట్టేస్తాయి. ఇక్కడ ఐన్ అల్ కస్ఫా అనే వేడినీళ్ల ఊట ఉంది, నీళ్లు దాదాపు 45 డిగ్రీలుంటాయి. కీళ్లనొప్పులకి మంచిదని జనం దూరాల నుంచి వస్తారు. డాక్టర్‌ని అడిగి రెండు శుక్రవారాలు పోయి కాళ్లు ముంచి కూర్చున్నాను. హాయిగా ఉండింది. నొప్పి మాత్రం ఆ మందు ఆపేసిన మూడో నెలలోనే పోయింది.

ఆ గంట

ఈ మందులు పరగడుపున వేసుకోమన్నారు, తర్వాత ఒక గంట ఏమీ తినకూడదన్నారు. నేను పొద్దున అయిదున్నరకి పెట్టుకున్నాను. పాప బస్సు ఆరూముప్పావుకి. టిఫిన్ వండడం, డబ్బా కట్టడం ముందే అయిపోవాలి కాబట్టి నాలుగున్నరకే లేచేదాన్ని. మాత్రలు మింగాక వంటింట్లో నిలబడితే పోపు వాసనకే వాంతి వచ్చేది. ఫోన్ పట్టుకుంటే నా జబ్బు గురించే వెతికి, చదవకూడనివన్నీ చదివి ఏడ్చేదాన్ని. మొదటి వారం ఆ గంట నాకు నరకం.

ఒకరోజు మా తమ్ముడు ఫోన్ చేశాడు. అప్పుడు మనకి అయిదున్నర అంటే ఊళ్లో ఏడు. ఇల్లు సున్నం కొట్టిస్తుంటే అటక మీద పాత చందమామ బైండులు దొరికాయని, చెదలు పట్టలేదని చెప్పాడు. మా నాన్న ఏడాది సంచికలన్నీ కలిపి రాయచోటిలో బైండు చేయించేవాడు. ఏడాదికొక పుస్తకం, నల్ల గుడ్డ వీపు. "నాలుగు పేజీలు ఫోటో తీసి పెట్టరా" అన్నాను. ఎందుకని వాడు అడగలేదు. ఆ రోజు నుంచి పడుకునే ముందు రోజూ ఒక కథ ఫోటోలు పంపించేవాడు. పొద్దున మాత్ర మింగి, బాల్కనీలో కుర్చీ వేసుకుని, అవి పెద్దవి చేసుకుంటూ చదివేదాన్ని. ఎదురుగా కొండల మీద వెలుగు దిగేది. కథ అయిపోయేసరికి గంట గడిచేది.

చందమామ మొదటి సంచిక 1947 జులైలో తెలుగులో, తమిళంలో మద్రాసు నుంచి వచ్చింది. నడిపింది నాగిరెడ్డి, చక్రపాణి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాని కథల భాషని తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. ఆ సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ పేజీల మీద ఉండేదే కాదు. చిన్నప్పుడు మాకు ఇవేవీ తెలియవు. రాక్షసుడి గుహ ముందు సీరియల్ ఆగిపోతే మళ్లీ నెల దాకా ఆగాలి, అదొక్కటే తెలుసు. మా అన్నా నేనూ ఆ ముప్పై రోజులూ ఏం జరుగుతుందో మేమే అల్లుకునేవాళ్లం. ఈ పిల్లలకి ఒక భాగం అవగానే రెండోది దానంతటదే మొదలవుతుంది. మేము మాత్రం ఆగడం అక్కడే నేర్చుకున్నాం అనిపిస్తుంది. ఆరు నెలలు అనగానే గుండె జారినదాన్ని, ఆరు చందమామలు అనుకుంటే కొంచెం చిన్నదైంది.

పాపకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. సెలవు రోజుల్లో లేచి వచ్చి నా పక్కన చేరేది. నేను పైకి చదివేదాన్ని. దానికి విక్రమార్కుడూ బేతాళుడూ పిచ్చి నచ్చారు. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ మీకందరికీ కళ్లలో ఉండే ఉంటుంది: కత్తి పట్టుకున్న రాజు, భుజాన శవం, వెనక శ్మశానం. ఆయన 2020లో పోయారు. పాప ఆ బొమ్మ గీసి ఫ్రిజ్ మీద అంటించింది. సూపర్ మార్కెట్ వాళ్లిచ్చిన క్యాలెండర్‌లో నేను మందు వేసుకున్న ప్రతి రోజూ గడిలో ఒక చిన్న నెలవంక గీసేది. అది దాని పని.

అది ఊరికే వినే పిల్ల కాదు. "ప్రతి కథలో సవతి తల్లే ఎందుకు బ్యాడ్? రాజుకి ముగ్గురు కొడుకులే ఎందుకుంటారు, డాటర్స్ ఉండరా?" అని అడిగింది. నిజమే. చిన్నప్పుడు నాకు తట్టలేదు. మనం మెచ్చిన పుస్తకాలని పిల్లల చేతిలో పెడితే, అందులో మనం దాటేసిన రాళ్లు వాళ్ల కాలికి తగులుతాయి. ఆపి మాట్లాడుకున్నాం, మళ్లీ చదువుకున్నాం.

నాన్న చిన్నప్పుడు

డిసెంబరు నాకు అన్నిటికంటే కష్టమైన నెల. నీరసం, నొప్పులు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం. తమ్ముడు ఒక రాత్రి చందమామ బదులు ఇంకో పుస్తకం అట్ట ఫోటో పంపాడు. "నాన్న చిన్నప్పుడు".

మీలో నా వయసు వాళ్లకి గుర్తుండాలి. విశాలాంధ్ర వాళ్ల వ్యాను ఊళ్లోకి వస్తే సోవియట్ పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. నున్నటి కాగితం, రంగు బొమ్మలు, ఒక విధమైన వాసన. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది, ఆ పుస్తకాలు రావడమూ ఆగిపోయింది. ఇప్పుడు సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్లు అలాంటి పిల్లల పుస్తకాలు చాలా మళ్లీ వేస్తున్నారు.

"నాన్న చిన్నప్పుడు" రాసింది అలెగ్జాండర్ రాస్కిన్. ఆయన కూతురు చిన్నప్పుడు ఊరికే జబ్బు పడేదట. మంచం మీదున్న పిల్లకి నొప్పి మరిపించడానికి ఆయన తన చిన్నప్పటి తుంటరి పనులు కథలుగా చెప్పేవాడు. ఆ కథలే పుస్తకం అయ్యాయి. చిన్నప్పుడు నేను ముందుమాట చదవలేదు, ఎవరు చదువుతారు? ఈ డిసెంబరులో చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను నవ్వుకుంటూ చదివిన ఆ పుస్తకం మొదట ఒక జబ్బు పిల్ల కోసం పుట్టిందన్నమాట.

అందులో ఒక కథలో ఆ చిన్న నాన్న, తనని చూడడానికి వచ్చిన ప్రొఫెసర్‌ని కొరుకుతాడు. అది చదివితే పాప పడీపడీ నవ్వింది. "అమ్మా, నువ్వు మీ డాక్టర్‌ని కొరికావా?" అంది. అప్పుడు నేను కూడా నవ్వాను. ఆ నెలలో నేను గట్టిగా నవ్వింది ఆ రోజే.

తొమ్మిది రోజులు

జనవరి దాటేసరికి గడ్డ మళ్లీ చింతగింజంత అయింది. ఆకలి వచ్చింది, నాలుగు కిలోలు పెరిగాను. మందులు కూడా తగ్గాయి. అందరూ కష్టం అంటే మొదటి రెండు నెలలు అనుకుంటారు. నా మాట నమ్మండి, అసలు కష్టం ఒంట్లో బాగైనాక మొదలవుతుంది. జబ్బుగా ఉన్నప్పుడు భయం మాత్ర మింగిస్తుంది. బాగున్నప్పుడు మింగించేది ఎవరు?

ఫిబ్రవరిలో మా అత్తమ్మ వచ్చింది. ఆమెది మదనపల్లె వైపు. సూట్‌కేసులో కరివేపాకు పొడి, చెనిక్కాయ ఉండలు, వాటి కింద గుడ్డలో చుట్టి మా నాన్న బైండు చేయించిన చందమామలు రెండు. అమ్మ పంపిందట. నాకు సంబరం, దాని వెనకే గుబులు. అత్తమ్మకి నా జబ్బు సంగతి తెలియదు. ఆమె పడుకునేది హాల్లో, లేచేది నాలుగింటికి. నేను పొద్దున్నే మాత్రలు మింగుతుంటే అడక్కుండా ఉంటుందా?

క్యాలెండర్ తీసి అల్మారాలో పెట్టాను. మాత్రలు మెంతుల డబ్బా వెనక దాచాను. మొదటి రోజు ఆమె ముందు తీయలేక "మధ్యాహ్నం వేసుకుందాంలే" అనుకున్నాను. మధ్యాహ్నం తిని ఉన్నాను, వేసుకోలేదు. రెండో రోజూ అంతే. బాగానే ఉన్నాను కదా, రెండు రోజులకి ఏమవుతుంది అనుకున్నాను. మూడో రోజుకి భయం పోయింది. ఆ తర్వాత మావారు "వేసుకున్నావా?" అంటే "ఆఁ" అనడం కూడా అలవాటైంది.

తొమ్మిదో రోజు శుక్రవారం. పాప నెలవంకలు గీస్తానని అల్మారాలో క్యాలెండర్ వెతుక్కుంది. తొమ్మిది గళ్లు ఖాళీ. దానికి ఏమనిపించిందో, వంటింట్లోకి పోయి నేను దాచిన డబ్బాలన్నీ వెతికి మాత్రల అట్ట పట్టుకొచ్చింది. అత్తమ్మ ఎదురుగానే నా ముందు పెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. "అమ్మా, బేతాళుడు మళ్లీ ట్రీ ఎక్కేశాడు కదా. ఇప్పుడు రాజు ఏం చేస్తాడు? గో బ్యాక్, మళ్లీ భుజం మీద వేసుకుంటాడు. అంతే."

నేను ఏడ్చేశాను. అత్తమ్మ మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇదేం మందమ్మా?" అంది. చెప్పేశాను. ఆ మాట పేరు పెట్టి చెప్పాను.

అత్తమ్మ చెప్పింది

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా పెద్దమ్మ ఏడాదిన్నర ఆరోగ్యవరంలో ఉండింది" అంది. మావారికి కూడా ఆ సంగతి తెలియదు. "నాకప్పుడు ఏడెనిమిదేండ్లు. మా నాయన బండి కట్టుకోని పిల్చకపోయినాడు. ఆయమ్మ దూరంగా అరుగు మీద కూర్చోని మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. దగ్గరికి పోనీలేదు. ఎవురన్నా అడిగితే పెద్దమ్మ పుట్టింట్లో ఉందని చెప్పల్ల అన్నారు. ఇన్నేండ్లుగా అదే చెప్తి. ఆయమ్మ బాగై వచ్చింది, ముసిలి దాకా బతికింది. అయినా ఆ మాట మేమెవురం ఎత్తలేదు."

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం శానిటోరియం మన తెలుగు నేల మీద టీబీకి పేరున్న చోటు. మిషన్ల వాళ్లు కలిసి పెట్టారు. 1915లో మొదలైంది, డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టాడు. మొదట్లో మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే. స్ట్రెప్టోమైసిన్ 1940లలో వచ్చింది. అత్తమ్మ పెద్దమ్మ నాటికి మందులున్నా ఏడాదికి పైగా వాడాల్సి వచ్చేది, సూదులు పొడిపించుకోవాల్సి వచ్చేది.

రోగిని ఇల్లు విడిపించి శానిటోరియంలో పెట్టక తప్పదా అన్న ప్రశ్నకి జవాబు మన పక్కనే దొరికింది. 1956లో మద్రాసులో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. కొందరు రోగుల్ని శానిటోరియంలో, కొందర్ని వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి ఒకే మందులిచ్చారు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో ఉండి మందులు సరిగా వేసుకున్నవాళ్లు దాదాపు అంతే బాగా కోలుకున్నారు, ఇంట్లోవాళ్లకి అందువల్ల ఎక్కువగా అంటుకోనూ లేదు. ప్రపంచమంతా టీబీ వైద్యం ఇంటికి మారడానికి అది పెద్ద కారణం. తర్వాత రిఫాంపిసిన్ వచ్చాక కోర్సు ఆరు నెలలకి తగ్గింది. అందుకే నేను రుస్తాఖ్‌లో నా బాల్కనీలో కూర్చుని, పాపని పక్కన పెట్టుకుని మందు వేసుకోగలిగాను. ఆ పెద్దమ్మకి ఆ అదృష్టం లేదు.

ఆదివారం డాక్టర్ దగ్గరికి పోయి తొమ్మిది రోజుల సంగతి చెప్పాను. తిడతారనుకున్నాను. కాలేయం పరీక్షకి రక్తం తీసి, "చెప్పారు కాబట్టి లెక్క సరిచేయగలను. చెప్పకపోతే కోర్సు పూర్తయిందని నేనూ అనుకునేవాణ్ణి" అన్నారు. తప్పిన రోజులు చివర్లో కలిపారు. తిట్టింది నర్సక్క. ఆ తిట్లు ఇక్కడ రాయను.

మర్నాటి నుంచి అత్తమ్మ నాలుగున్నరకి నన్ను లేపేది. అయిదున్నరకి నీళ్ల గ్లాసు చేతికిచ్చి, "నువ్వు మింగేది నేను చూడల్ల" అని ఎదురుగా కూర్చునేది. ఆమెకి అక్షరం రాదు. "ఊఁ, ఇప్పుడు చదువు" అనేది. సెలవు రోజుల్లో ముగ్గురం ఉండేవాళ్లం. కొన్ని కథలు నేను సగం చదివేసరికే ఆమె మిగతాది చెప్పేసేది, ఆమె అవ్వ చెప్పిందట, ముగింపు వేరేగా ఉండేది. పాప రెండు ముగింపుల్లో ఏది బాగుందో తీర్పు చెప్పేది.

ఏప్రిల్‌లో అత్తమ్మ వెళ్లిపోయాక ఆ కాపలా పాప తీసుకుంది. తమ్ముడికీ అమ్మకీ కూడా అప్పుడే చెప్పాను. అమ్మ ఫోన్‌లో ఏడ్చి, "ముందే చెప్పుంటే బైండులన్నీ పంపేదాన్ని కదా పాపా" అంది.

మధ్యలో ఉన్నవాళ్లకి

ఈ భాగం మన గ్రూపులోని నర్సక్కలు ఇద్దరు చదివి సరిదిద్దారు. మీరుగానీ మీ ఇంట్లోవాళ్లుగానీ ఇవే మందులు వాడుతుంటే గుర్తుంచుకోండి. ఏ సందేహమున్నా మీ డాక్టర్ మాటే ఆఖరి మాట.

మూత్రం నారింజ రంగులో రావడం మామూలే. కానీ కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు గోధుమరంగుకి తిరగడం, ఆగని వాంతులు, అన్నం అసలు సయించకపోవడం, ఇవి కాలేయానికి దెబ్బ తగులుతున్న గుర్తులు కావచ్చు. అదే రోజు డాక్టర్‌కి చూపించుకోండి.

చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగులు తేడా తెలియకపోయినా వెంటనే చెప్పండి. ఇథాంబుటాల్ కంటి మీద పనిచేయవచ్చు.

గర్భం రాకుండా మాత్రలు వాడే చెల్లెళ్లు ఇది తప్పక చదవండి. రిఫాంపిసిన్ ఆ మాత్రల బలం తగ్గించేస్తుంది. వాటిని నమ్ముకోకుండా వేరే పద్ధతి డాక్టర్‌ని అడగండి. ఈ మాట అడగడానికి సిగ్గుపడి ఇబ్బందిపడినవాళ్లు ఉన్నారని నర్సక్కలు చెప్పారు. షుగర్‌కీ, రక్తం పలచబడడానికీ వాడే కొన్ని మందుల మీద కూడా ఇది పనిచేస్తుంది. కాబట్టి మీరు వేసుకునే మాత్రలన్నీ పట్టుకెళ్లి చూపించండి.

గ్యాస్‌కి వేసుకునే మాత్రలూ సిరప్‌లూ ఈ మందులతో కలిపి వేసుకోకండి, మందు సరిగా ఒంటికి పట్టదు. ఎంత ఎడం ఉండాలో అడగండి.

ఇక్కడ మనం తరచూ వండే ట్యూనా చేప, పాత చీజ్, ఇవి ఐసోనియాజిడ్‌తో కొందరికి పడవు. మొహం ఎర్రబడి తలనొప్పి, గుండెదడ వస్తాయి. కోర్సు అయ్యేదాకా తగ్గించండి.

మందులు వాడుతుండగానే గడ్డ కొన్నాళ్లు ఉబ్బవచ్చు. మందు పనిచేయట్లేదని మీరే ఆపేయకండి, చూపించండి.

ఊళ్లో ఉన్నవాళ్ల కోసం: మన దేశంలో టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తిండి ఖర్చుకని 2018 నుంచి నెలకి 500 రూపాయలు ఖాతాలో వేసేవాళ్లు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. సిగ్గుపడి ప్రైవేటులో అప్పులు చేసి మధ్యలో ఆపేయడం కంటే, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగడం నయం.

అన్నిటికంటే ముఖ్యమైనది: ఒక్కరికైనా చెప్పండి. మీరు మింగేది చూసే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. నేను దాచింది జబ్బుని అనుకున్నాను. నిజానికి నాకు సాయం చేయగలిగిన మనుషుల నుంచి నన్ను నేను దాచుకున్నాను. ఒక రోజు తప్పితే సిగ్గుతో రెండో రోజు కూడా వదిలేయకండి. మళ్లీ మొదలుపెట్టండి, డాక్టర్‌కి చెప్పండి. పట్టు వదలని విక్రమార్కుడంటే ఎప్పుడూ ఓడనివాడు కాదు కదా, ప్రతిసారీ వెనక్కి పోయి మళ్లీ భుజానికెత్తుకున్నవాడు.

ఆఖరి రోజు పాప క్యాలెండర్‌లో నెలవంక బదులు నిండు చందమామ గీసింది. ఆ పొద్దున బాల్కనీ కింద తోటలో ఖర్జూరం గెలలు ఇంకా పచ్చగా వేలాడుతున్నాయి. మర్నాడు నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. మింగడానికి మాత్ర లేదు. అయినా లేచి బాల్కనీలో కూర్చున్నాను, పాప కూడా కళ్లు నులుముకుంటూ వచ్చింది. ఈసారి పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ అదే చదవడం మొదలుపెట్టింది. ఒక పేజీకి ముప్పావుగంట పట్టింది. బస్సు తప్పిపోయింది. మావారు కారులో దింపి వచ్చారు.

వచ్చే సంచికకి మీరూ రాయండి. మీ చిన్నప్పటి పుస్తకం ఏది, ఏ కష్టంలో అది మళ్లీ మీ చేతికి వచ్చింది? రాయడం రాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, మేం రాసుకుంటాం. ఇప్పుడు ఏదైనా కోర్సు మధ్యలో ఉండి, ఎవరికీ చెప్పుకోలేకపోతున్నవాళ్లు ఉంటే, గ్రూపులో వద్దు, నాకు విడిగా ఒక్క మెసేజ్ పెట్టండి. పొద్దున అయిదున్నరకి నేను మేలుకునే ఉంటాను.